వదిలేసిన పెద్ద కుండీ మొక్క: ఏది తెచ్చుకోవాలి, ఏది వద్దనాలి

జూన్ వచ్చిందంటే బదిలీలు. పిల్లల బడి మారుతుంది, కిరాయి ఇల్లు మారుతుంది, సామానంతా డీసీఎం ఎక్కుతుంది. చివరికి వరండా మూలన ఒకటి మిగిలిపోతుంది. ఆరడుగుల రబ్బరు మొక్క, పైన ఐదారు ఆకులు, కింద బోడి కర్ర, పగిలిన కుండీలోంచి బయటికి పాకిన వేర్లు. "ఊరికే తీస్కపోండి" అంటారు ఇంటివాళ్లు. ఊరికే వచ్చేది మొక్క ఒక్కటే. కొత్త కుండీ, మట్టి, ట్రాలీ ఆటో కిరాయి, ఆపైన నాలుగైదు నెలల ఓపిక తీసుకుపోయేవాళ్లవి.

అందుకే ఔననే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, ఆ జాతి ముదురు కాండం నుంచి మళ్లీ చిగురు పెడుతుందా లేదా. రెండోది, మీ ఇంట్లో మొక్కలకు పోసేది ఏ నీళ్లు. చాలామంది ఈ రెండూ వదిలేసి ఆకులు చూస్తారు. పచ్చగా ఉంటే తెస్తారు, ఎండితే వద్దంటారు. ఒక్క ఆకు లేని రబ్బరు మొద్దు నాలుగైదు నెలల్లో గుబురుగా లేస్తుంది. నిండా ఆకులున్న అరెకా పామ్ మొవ్వు (పైన కొత్త ఆకు వచ్చే కొస) కుళ్లి ఉంటే నెలలోపే పోతుంది.

ఏ మొక్క ఎలాంటిది

రబ్బరు మొక్కతోనే మొదలుపెడదాం, మన దగ్గర ఎక్కువగా వదిలేసేది అదే. పాలమూరు (మహబూబ్‌నగర్) పిల్లలమర్రి మహావృక్షం జాతికి దగ్గరి చుట్టం ఇది. మర్రి, రావి, మేడి, రబ్బరు మొక్క అన్నీ ఫైకస్ కుటుంబమే. ఈ కుటుంబానికంతా ఒక సుగుణం ఉంది. కాండం మీద ప్రతి ఆకు మచ్చ దగ్గరా నిద్రపోతున్న మొగ్గ ఉంటుంది. పై కొస కోస్తే దాని కిందివి రెండు మూడు మేల్కొంటాయి. అందుకే తొమ్మిదడుగులు పెరిగి సీలింగుకు తగిలి వంగిన రబ్బరు మొక్కను మోకాలి ఎత్తుకు నరికినా బతుకుతుంది. కోసే ముందే గాలి అంటు కడితే, అంటే కాండం మీదే వేర్లు పెట్టిస్తే, పైముక్క నుంచి ఇంకో మొక్క కూడా వస్తుంది. ఏది తేవాలో తేలకపోతే దీన్ని తెచ్చుకోండి.

చిన్నాకుల ఫైకస్ కూడా అదే కుటుంబం, కానీ అలక ఎక్కువ. బ్యాంకుల్లో, ఫంక్షన్ హాళ్లలో అల్లిన కాండంతో కనిపించేది ఇదే. చోటు మార్చిన వారం రెండు వారాల్లో ఆకులు గుప్పెళ్లతో రాలుస్తుంది. చచ్చిపోతోందని కంగారుపడి నీళ్లు ఎక్కువ పోసేవాళ్లే దీన్ని చంపుతారు. ఆకు తగ్గితే నీటి అవసరమూ తగ్గుతుంది. ఒకచోట పెట్టి కదపకుండా వదిలేస్తే నెల, నెలన్నరలో కొత్త ఆకు వేస్తుంది. కొత్త చోటు నచ్చలేదని మళ్లీ మళ్లీ జరిపే అలవాటున్న ఇంటికి ఇది పనికిరాదు.

బోడి కర్ర మీద పొడవాటి ఆకుల గుత్తి ఉండే డ్రసీనా విషయంలో మన నల్లగొండ, పాలమూరు జిల్లాలకు ప్రత్యేకమైన తిరకాసు ఉంది, కింద నీళ్ల దగ్గర చెప్పుకుందాం. కోతకు మాత్రం దీనంత సులువైనది లేదు. బోడి కర్రను ఏ ఎత్తులో కోసినా కోత కింద రెండు మూడు పిలకలు వస్తాయి. కోసిన తల వేరు పెడుతుంది, మధ్య ముక్కలు కూడా పెడతాయి. ఒక పాత మొక్క నుంచి నాలుగు తయారవుతాయి.

అరెకా పామ్ దీనికి పూర్తిగా ఎదురు. చూడ్డానికి ఒకే పొదలా ఉన్నా ప్రతి కర్రకూ పైన ఒకే ఒక మొవ్వు. కొబ్బరి చెట్టు తల నరికితే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. పొడుగైందని మధ్యకు కోస్తే ఆ కర్ర అక్కడితో సరి. కొత్త కర్రలు నేల మట్టం నుంచే రావాలి. కాబట్టి ఎనిమిదడుగుల అరెకాను పొట్టి చేసే దారి లేదు. సీలింగు ఎత్తు సరిపోకపోతే తేవద్దు. తెచ్చేటట్టయితే ముందు కర్రలు లెక్కపెట్టండి. ఒక్కో మొవ్వును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. చేతిలోకి ఊడొచ్చి మొదలు దగ్గర కుళ్లు వాసన వస్తే ఆ కర్ర పోయినట్టే. సగానికి పైగా కర్రలు గట్టిగా ఉంటేనే కిరాయి పెట్టడం దండగ కాదు.

క్రిస్మస్ చెట్టని పిలిచే అరకేరియాను మొహమాటపడకుండా వద్దనండి, కింది కొమ్మలు ఎండి ఉంటే. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేసే చెట్టు ఇది, ఒకసారి ఎండిన అంతస్తు మళ్లీ రాదు. తల కోస్తే ఆ ఆకారం ఎన్నటికీ కుదరదు. వేర్లు కదిలించినా ఓర్చుకోదు. ఏప్రిల్, మే వడగాడ్పుకు దక్షిణ తెలంగాణలో దీని కింది కొమ్మలు ఎండటం మామూలే. కింద నుంచి పై దాకా నిండుగా ఉన్నది దొరికితే తప్ప ఊరికే వచ్చినా ఖరీదే.

మాన్‌స్టెరా, పెద్దాకుల మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్ లాంటి తీగలకు మొత్తం మొక్కను మోసుకురావాల్సిన అవసరమే లేదు. కణుపూ, దాని దగ్గర ఒక గాలివేరూ ఉన్న ముక్కలు రెండు మూడు కోసుకుని తడి గోనెలో చుట్టి తెచ్చుకోండి. కణుపు లేని ఆకు గ్లాసులో నెలల తరబడి పచ్చగా ఉంటుంది, వేరూ పెట్టొచ్చు, కానీ మొక్క కాదు. స్నేక్ ప్లాంట్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ప్లాస్టిక్ కుండీ ఉబ్బి పగిలి ఉంటే అది జబ్బు కాదు, ఆరోగ్యం. కుండీ కోసి, దుంపలు విడదీసి, కోతలు రెండు రోజులు నీడన ఆరాక నాటితే చాలు. డిఫెన్‌బేకియా కూడా మొద్దు నుంచి లేస్తుంది గానీ దాని రసం నోటికి తగిలితే నాలుక వాచి మంటపుడుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అది వద్దు.

సులువు నుంచి కష్టానికి వరస పెడితే ఇలా ఉంటుంది: స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, రబ్బరు, డ్రసీనా, మాన్‌స్టెరా, చిన్నాకుల ఫైకస్, అరెకా, చివర్న క్రిస్మస్ చెట్టు. బోరు నీళ్లే దిక్కయిన ఇంట్లో డ్రసీనా ఈ వరసలో అరెకా కిందికి దిగుతుంది.

నీళ్లే అసలు తేడా

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు భూగర్భజలం చేసిన నష్టం అందరికీ తెలిసిందే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. డ్రసీనాకు అంత కూడా అక్కర్లేదు. నీటితో పాటు ఫ్లోరైడ్ ఆకు కొస దాకా వెళ్తుంది, నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ అక్కడే పేరుకుంటుంది. అందుకే ముందు కొసలు మాడతాయి, తర్వాత అంచులు. స్పైడర్ ప్లాంట్, కార్డిలైన్, పీస్ లిల్లీలకూ ఇదే బాధ. రబ్బరు మొక్క, మనీ ప్లాంట్ దీన్ని పెద్దగా పట్టించుకోవు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. రాత్రంతా బకెట్లో ఉంచినా పోదు, అలా పోయేది క్లోరిన్. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టి 'నల్గొండ టెక్నిక్' అన్నారు గానీ, అది తాగునీటికి. కుండీల కోసం ఆ తంటా అక్కర్లేదు, వాన నీళ్లు పట్టుకుంటే సరిపోతుంది. 100 చదరపు అడుగుల రేకుల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 90 లీటర్లు దిగుతాయి. మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ము రెండు పెద్ద కుండీలకు చాలా వారాలు వస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీరు నది నుంచి శుద్ధి చేసి వచ్చేది కాబట్టి బోరు కంటే ఎంతో మేలు.

ఇక్కడే అందరూ చేసే తప్పొకటి ఉంది. ఆర్వో ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్లను పొదుపు కదా అని మొక్కలకు పోస్తారు. ఫిల్టరు తీసేసిన ఉప్పులు, ఫ్లోరైడ్ అన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, అసలు బోరు నీళ్ల కన్నా చిక్కగా. ఎండాకాలం కూలరు తొట్టిలో అడుగున మిగిలేదీ అంతే, నీరు ఆవిరై ఉప్పు మిగిలిన నీళ్లు. బాత్రూం కడగడానికి వాడండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం ఉప్పు లేనివి, మే నెలలో డ్రసీనాకు అంతకంటే మంచివి దొరకవు.

అడిగి తెలుసుకోవాల్సింది ఇంకొకటి: వదిలేసిన వాళ్లు ఇన్నాళ్లూ ఏ నీళ్లు పోశారు. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటే జవాబు అదే. ఇంటికి తెచ్చాక పై రెండు అంగుళాల మట్టి గీకి పారేసి, కుండీ పట్టే దానికి రెండు మూడింతల మంచి నీళ్లు మెల్లగా పోసి అడుగు రంధ్రాల గుండా కారనివ్వాలి. 14 అంగుళాల కుండీకి 50 నుంచి 60 లీటర్లు అవుతాయి. ప్లేటు కింద పెట్టి పోస్తే కడిగిన ఉప్పంతా మళ్లీ పైకే పీలుస్తుంది, ప్లేటు తీసేయండి.

ఇచ్చేవాళ్ల ఇంట్లో పది నిమిషాలు

ముందు కుండీని కర్రతో కొద్దిగా ఒరిగించి కింద చూడండి. నెలల తరబడి కదలని కుండీ కింద చల్లదనానికి తేళ్లు చేరతాయి. ఆ తర్వాతే చేయి పెట్టాలి, అదీ గ్లవ్స్‌తో.

కాండాన్ని గోటితో చిన్నగా గీకండి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకో జానెడు కిందికి దిగి గీకండి. నేల మట్టానికి వచ్చేదాకా పచ్చదనం కనిపించకపోతే దండం పెట్టి వచ్చేయండి. డ్రసీనాకు గీకడం కన్నా నొక్కి చూడటం మేలు. మెత్తగా ఉంటే కుళ్లింది, గట్టిగా ఉంటే బాగుంది, ముడతలు పడి లోపల డొల్లగా అనిపిస్తే ఎండిపోయింది.

తర్వాత మొదలు పట్టుకుని కదిపి చూడండి. కుండీతో పాటు కదలాలి. మొక్క ఒక్కటే ఊగిసలాడితే కింద వేర్లు లేవు. వీలైతే కుండీని పక్కకు పడుకోబెట్టి మట్టి ముద్దను బయటికి లాగండి. వేరు రంగు చూసి మోసపోవద్దు. డ్రసీనా వేర్లు పుట్టుకతోనే నారింజ పసుపు, రబ్బరు మొక్కవి గోధుమ. పరీక్ష రంగుతో కాదు, వేళ్లతో. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును లాగితే పై తొక్క జారిపోయి లోపల దారం మిగులుతుంది, మురుగు వాసన వస్తుంది. వేర్ల మధ్య తెల్లటి పిండిలా కనిపిస్తే వేరు పిండినల్లి. మట్టి గొట్టాల్లాంటివి కాండం మీదికి పాకి ఉంటే చెదలు. చెదలు చిన్న విషయం కాదు. పిల్లలమర్రి అంత మహావృక్షానికే చెద పట్టి, 2018లో సెలైన్ సీసాల్లో మందు నింపి కొమ్మల్లోకి ఎక్కించాల్సి వచ్చింది. కుండీ మొక్కకు అంత వైద్యం ఎందుకు? చెద కాండం లోపలికి వెళ్లి ఉంటే వదిలేయండి. మట్టిలోనే ఉంటే వేర్లు కడిగి కొత్త మట్టిలో పెట్టొచ్చు.

ఆకు అడుగున, కణుపుల్లో దూదిలా ఉంటే పిండినల్లి. కాండానికి గోధుమ రంగు పొలుసుల్లా అంటుకుని గోరు పెడితే ఊడివచ్చేవి పొలుసు పురుగులు. సన్నటి సాలెగూడు, ఆకు మీద దుమ్ము చల్లినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. వీటిలో ఏది ఉన్నా తేవచ్చు, కానీ ఇంట్లో మిగతా మొక్కలకు దూరంగా మూడు వారాలు ఉంచాలి. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి ఒకటి రెండు మిల్లీలీటర్ల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, పొద్దువాలాక ఆకు అడుగు భాగం తడిసేలా వారానికోసారి మూడు వారాలు కొట్టండి. ఒక్కసారితో ఆపితే గుడ్లు పగిలి మళ్లీ మొదలవుతుంది. చేను కోసం తెచ్చిన పత్తి మందు డబ్బాలో కొంచెం మిగిలింది కదా అని ఇంట్లో కొట్టొద్దు. అది మూసిన గదుల కోసం తయారైంది కాదు.

తీసుకురావడం

హైదరాబాద్ నుంచి నల్లగొండకైనా, పాలమూరుకైనా వంద కిలోమీటర్ల దగ్గర దగ్గర. నార్కట్‌పల్లి దారిలోనో జడ్చర్ల దారిలోనో ట్రాలీ ఆటో వెనక నిలబెట్టిన మొక్క ఇల్లు చేరేసరికి గాలికి సగం ఆకులు చీలికలవుతాయి. ముందు రోజు సాయంత్రం నీళ్లు పోయండి, బయల్దేరేటప్పుడు పోయొద్దు, బరువు పెరుగుతుంది. ఆకుల్ని పైకి మడిచి పాత చీరతో కింద నుంచి చుట్టుకుంటూ కట్టి, మొక్కను పడుకోబెట్టి, కుండీకి రెండు వైపులా ఇటుకలు పెట్టండి. తెల్లవారుజామున బయల్దేరితే చాలా ఇబ్బందులు తప్పుతాయి. తెచ్చిన రోజే ఎండలో పెట్టొద్దు. నీడలో పెరిగిన ఆకు ఒక్క మధ్యాహ్నం ఎండకు తెల్లటి మచ్చలు తేలుతుంది, అవి మానవు. రెండు వారాలు నీడలో, తర్వాత ఉదయపు ఎండలో గంట చొప్పున పెంచుతూ పోవాలి. పడమటి బాల్కనీ మన దగ్గర ఏ మొక్కకూ మంచిది కాదు, 50 శాతం గ్రీన్ నెట్ కడితే తప్ప.

కోయాలా, కుండీ మార్చాలా, విడదీయాలా

ఇంటికొచ్చిన ఉత్సాహంలో కొమ్మలు నరికి, వేర్లు కత్తిరించి, కొత్త కుండీలో పెట్టి, గుప్పెడు యూరియా వేసి, అన్నీ ఒకే ఆదివారం కానిచ్చేస్తారు. బలహీనపడ్డ మొక్కకు అవన్నీ కలిసి ఒకే దెబ్బ. కోసిన కాండం కొత్త చిగురు పెట్టాలంటే వేర్లలో, కాండంలో దాచుకున్న శక్తే ఆధారం. ఆ వేర్లనూ అదే రోజు కోస్తే చిగురు దేనితో పెడుతుంది?

కాబట్టి ముందు ఏ జబ్బో చూడండి. వేర్లు కుళ్లి ఉంటే ఆగడానికి లేదు, ఏ నెలైనా సరే ఆ రోజే కుళ్లు తీసి మట్టి మార్చాలి. వేర్లు సగం పోతే పైన కూడా దాదాపు అంతే తగ్గించాలి, లేకపోతే మిగిలిన వేర్లు అన్ని ఆకులకు నీళ్లు అందించలేవు. రెండూ ఒకేసారి చేయాల్సిన సందర్భం ఇదొక్కటే. కుళ్లు లేదు, వేర్లు చుట్టలు చుట్టుకుని కుండీ నిండాయంతే అంటే తొందరే లేదు. ముందు పైభాగం కోయండి. మూడు నాలుగు వారాల్లో మొగ్గలు ఉబ్బి కొసలు కనిపించాక కుండీ మార్చండి. మట్టి ఎండి రాయిలా అయి, పోసిన నీళ్లు కుండీ గోడ వెంట జారి కిందికి పోతుంటే అది వేరు జబ్బు కాదు, దాహం. కుండీని టబ్బులో ముంచి బుడగలు ఆగేదాకా, అరగంట దాకా ఉంచితే తీరిపోతుంది. చాలా 'చచ్చిపోయిన' మొక్కలకు ఇంతకు మించి ఏమీ అవసరం ఉండదు.

కాలం ముఖ్యం. రోహిణి కార్తెలో కత్తెర ముట్టుకోవద్దు. మే నెలలో మొక్క దొరికితే నీడన పెట్టి, తెల్లవారుజామున నీళ్లు పోస్తూ బతికించుకోవడమే పని. మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాక, అంటే జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా కోతకూ, అంటుకూ, కుండీ మార్పుకూ అనువైన కాలం. మృగశిరలో కోసిన రబ్బరు మొక్క బతుకమ్మ నాటికి చూడచక్కగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో కోస్తే చావదు గానీ రెండు నెలలు మొద్దులాగే కూర్చుంటుంది.

రబ్బరు మొక్కను రెండున్నర, మూడడుగుల ఎత్తులో, ఆకు మచ్చకు ఒక సెంటీమీటరు పైన పదునైన కత్తితో ఒకే దెబ్బకు కోయండి. పాలు ధారగా కారతాయి. చర్మానికి దురద, కంట్లో పడితే ప్రమాదం. తడి గుడ్డతో అద్దితే కాసేపటికి ఆగుతాయి. పసుపు, పేడ పూయాల్సిన పని లేదు, ఆ పాలే గాయాన్ని మూసేస్తాయి. తల పారేయడం ఇష్టం లేకపోతే కోసే ముందే గాలి అంటు కట్టండి. కొసకు అడుగున్నర కింద, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున చుట్టూ బెరడు తీసి, కింద ఉన్న జిగురు పొర కూడా గీకేసి, పిండిన కొబ్బరిపొట్టు రెండు గుప్పెళ్లు చుట్టి, పారదర్శక పాలిథిన్‌తో రెండు చివరలా బిగించండి. వానాకాలంలో ఐదు నుంచి ఎనిమిది వారాల్లో కవరు లోపల తెల్లటి వేర్లు కనిపిస్తాయి. జిగురు పొర పూర్తిగా తీయకపోతే గాయం మళ్లీ అతుక్కుని వేరే రాదు. అంటు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

డ్రసీనా మధ్య కర్రను నాలుగు నుంచి ఆరు అంగుళాల ముక్కలు చేయొచ్చు. కిందివైపు ఏటవాలుగా, పైవైపు సమంగా కోసి పెట్టుకోండి, లేకపోతే గంట తర్వాత ఏది తలో ఏది మొదలో తెలియదు. తలకిందులుగా నాటితే సరిగా వేరు పెట్టదు.

అరెకాకు కోత అంటే ఎండిన కర్రలను నేల మట్టానికి తీసేయడం, అంతే. పసుపు పడ్డ కింది ఆకులను పూర్తిగా ఎండేదాకా ఉంచండి. పొటాషియం చాలనప్పుడు మొక్క దాన్ని ముసలి ఆకుల నుంచి లాగి కొత్త ఆకులకు పంపుతుంది. పసుపు ఆకు తీసేస్తే ఆ పైన ఉన్న ఆకు పసుపెక్కుతుంది. విడదీయాలనుకుంటే ఒక్కో భాగానికి కనీసం నాలుగైదు కర్రలు, వాటి సొంత వేర్లు ఉండాలి. ఒక పొదను రెండు చేస్తే రెండూ బతుకుతాయి. ఐదు చేస్తే ఒకటో రెండో మిగులుతాయి.

కుండీ, మట్టి

పెద్ద మొక్కకు పెద్ద కుండీ అనుకోవడం సహజం, కానీ తప్పు. వేర్లు లేని చోట తడి ఆరదు, ఆరని తడిలో వేరు కుళ్లుతుంది. పాత కుండీ కన్నా రెండు అంగుళాలు మాత్రమే పెద్దది తీసుకోండి. వేర్లు కుళ్లి సగం తీసేసిన మొక్కకైతే పాత దానికన్నా చిన్నదే సరి.

మట్టి కుండీ వేర్లకు గాలి ఇస్తుంది గానీ ఏప్రిల్‌లో రోజుకు రెండుసార్లు నీళ్లు అడుగుతుంది. సిమెంటు కుండీ గాలికి పడదు, ఎనిమిదడుగుల మొక్కకు అదే నమ్మకం, కానీ ఒకసారి పెట్టాక ఇద్దరు మనుషులు లేనిదే కదలదు. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది, వారం పాటు నీళ్లు నింపి పారబోశాక వాడండి. 20 లీటర్ల పెయింటు బకెట్ ఊరికే దొరుకుతుంది, తేలిక, అడుగున వేలు పట్టేంత రంధ్రాలు ఏడెనిమిది వేస్తే ఏ లోటూ లేదు. ఎండ నేరుగా తగిలితే మాత్రం లోపల వేర్లు ఉడుకుతాయి. ఇంటి లోపల పెట్టే మొక్కకు బకెట్టే మంచిది, బయట వరండాకు సిమెంటు. గ్రో బ్యాగ్ పెద్ద మొక్కను నిలబెట్టలేదు. ఏ కుండీ అయినా అడుగున రాళ్లు పోయొద్దు. నీరు బాగా దిగుతుందని అందరూ పోస్తారు గానీ, తడి మట్టి చివరి బొట్టును రాళ్లలోకి వదలదు. తడి పొర రాళ్ల ఎత్తు మేర పైకి, వేర్ల దగ్గరికి వస్తుందంతే. రంధ్రాల మీద ఒక దోమతెర ముక్క చాలు.

మట్టి విషయానికొస్తే, నల్లరేగడి కుండీకి పనికిరాదు. ఎండితే పగుళ్లిచ్చి వేర్లు తెంపుతుంది, తడిస్తే ముద్దవుతుంది. చెరువు పూడిక చేనుకు బంగారం, కుండీలో ఇటుక. ఎర్ర చెల్క మట్టి ఉత్తమం. 14 అంగుళాల కుండీలో పాత వేరు ముద్ద పెట్టాక దాదాపు 12 మగ్గుల మట్టి పడుతుంది, స్నానాల మగ్గు ఒకటి లీటరు అనుకుంటే. రబ్బరు, ఫైకస్‌లకు చెల్క మట్టి 5 మగ్గులు, కొబ్బరిపొట్టు 3, వర్మీ కంపోస్టు 2, దొడ్డు ఇసుక లేదా నల్లగా కాల్చిన ఊక 2. డ్రసీనాకు మట్టి 3కు తగ్గించి ఇసుక 4 చేయండి. అరెకాకు వర్మీ బదులు బాగా చివికిన పశువుల పెంట 3 మగ్గులు వేసి కొబ్బరిపొట్టు 2 చాలు. ఏదైనా వేపపిండి రెండు గుప్పెళ్లు. కొబ్బరిపొట్టు ఇటుకను నానబెట్టి ఆ నీళ్లు రెండుసార్లు పారబోయాలి, అందులో ఉప్పు ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఊక కావలసినంత దొరుకుతుంది గానీ పచ్చి ఊక వేస్తే అది చివికేటప్పుడు మొక్క నత్రజనిని తినేస్తుంది. బాగా కాలి తెల్లబడ్డ బూడిద క్షారం ఎక్కువ. నల్లగా, గింజ ఆకారం నిలిచి ఉన్నదే తీసుకోండి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ డ్రసీనా కుండీలో వేయొద్దు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

చుట్టలు చుట్టిన వేర్లను బయటి నుంచి నాలుగు చోట్ల నిలువుగా అంగుళం లోతున కోసి, అడుగున చాపలా అల్లుకున్న పొర తీసేయండి. మొత్తం వేర్లలో మూడో వంతుకు మించి తీయొద్దు. మొక్క ఇంతకు ముందు ఎంత లోతున ఉందో అంతే ఉంచాలి. కాండం మట్టిలో కూరుకుపోతే మొదలు కుళ్లుతుంది.

ఆ తర్వాత

నీళ్లు పోయడానికి రోజులు లెక్కపెట్టొద్దు. రెండు అంగుళాల లోతుకు వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి. కోసిన మొక్కకు ఆకు లేదు, తాగేది తక్కువ. పాత లెక్కన రోజూ చెంబెడు పోయడం వల్లే మొద్దులు కుళ్లిపోతాయి. బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి వద్దు. ఆరని మట్టిలో అవి పులిసి చిన్న నల్లదోమలు చేరతాయి. ఎరువు నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఏదీ వేయకండి. కొత్త ఆకు పూర్తిగా విచ్చుకున్నాక 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరుకు గ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి చాలు.

మొదట వచ్చే ఆకులు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. అది లోపం కాదు. మూడో నాలుగో ఆకు నుంచి సరైన సైజు వస్తుంది. చిగుళ్లు పొడుగ్గా సాగి వెలుతురు వైపు వంగితే చోటు చీకటిగా ఉందని అర్థం. కిటికీకి దగ్గరగా జరపాలి, ఫైకస్‌నైతే ఒక్కసారే.

బతుకమ్మ దాటినా మొగ్గ జాడ లేకపోతే మొదలు దగ్గర మళ్లీ గీకి చూడండి. పచ్చగా ఉంటే సంక్రాంతి పోయి ఎండ ముదిరేదాకా నీళ్లు బాగా తగ్గించి ఉంచుకోవచ్చు. గోధుమ రంగు నేల మట్టం దాకా దిగితే పీకేయండి. ఆ మట్టిని ఇంకో కుండీలో కలపొద్దు. డాబా మీద పాలిథిన్ షీటు పరిచి, పలచగా పోసి తడిపి, పైన ఇంకో పారదర్శక షీటు కప్పి ఏప్రిల్ ఎండలో నాలుగు వారాలు ఉంచాక వాడుకోవచ్చు.